పాతుకున్న మాట

ఏడుమెట్ల సీమలోకి పోవడానికి దారి ఒక్కటే, అదీ చెప్పుకోదగ్గ దారి కాదు. రత్నకూట రాజ్యపు చివరి పొలంగట్టు దాటగానే నేల నిట్టనిలువుగా పైకి లేస్తుంది. ఒక కొండ భుజం మీద ఇంకో కొండ, దాని భుజం మీద మరొకటి, అలా ఏడు. కింది కొండల మీద మద్ది, ఏగిస, గుగ్గిలం చెట్లు మిట్టమధ్యాహ్నం కూడా ఎండను నేల మీద పడనివ్వవు. పైకొండల నడుములకు మబ్బులు పంచెల్లా చుట్టుకుని ఉంటాయి. వెదురు డొంకల్లో గాలి దూరినప్పుడు అడవంతా సన్నగా పాడుతుంది. అడవిమొల్లల వాసన, ఎక్కడో రాతి మీద నీరు పడే చప్పుడు, ఆకుల సందుల్లో తోకలు విప్పుకునే నెమళ్లు. కొండకొక జాతి, జాతికొక యాస. కట్టూ బొట్టూ వేరు, కొలిచే దేవుడు వేరు, ఆఖరికి తిట్టే తిట్లు కూడా వేరే. అందరికీ ఉమ్మడిగా ఉన్న ఆచారం ఒక్కటే. ఒక కొండ దుమ్ము ఇంకో కొండ మీదకు తేకూడదు. అందుకే ప్రతి మెట్టు పొలిమేరలోనూ ఒక ఊట ఉంటుంది. వచ్చినవాడు ఏలేవాడైనా, మేకలు మేపేవాడైనా అక్కడ కాళ్లు కడుక్కునే పైకెక్కాలి.

ఆ ఉదయం మొదటి ఊట దగ్గర బుట్టలు దించి కాళ్లు కడుక్కుంటున్న ఇద్దరిని చూస్తే, ఉప్పమ్ముకునే మేనమామా మేనకోడలూ అనుకుంటారు ఎవరైనా. అలా అనుకోవాలనే వాళ్ల తాపత్రయం కూడా. ఆ మేనమామ రత్నకూట ఆస్థానంలో దుబాసీ, పేరు శరభయ్య, నలభై అయిదేళ్లవాడు. ఏడు కొండ యాసల్లో అయిదు వచ్చు. ఆ మేనకోడలు సాక్షాత్తూ జయకేతు మహారాజు కూతురు మధూలిక. బుద్ధెరిగాక పూలసజ్జ కూడా మోసి ఎరగని తల మీద ఉప్పుబుట్ట పెట్టుకుని రెండు రోజులుగా నడుస్తోంది. మెడ పట్టేసింది. అయినా ఒక్కసారి కూడా ఇస్సురనలేదు.

"నలుగురిలో ఉన్నప్పుడు నన్ను ‘ఏమే’ అని పిలవమన్నానా లేదా?" అంది పాదాలు తోముకుంటూ. "నిన్న సంతలో అందరి ముందూ ‘అమ్మగారూ’ అన్నారు. మేనకోడల్ని అమ్మగారూ అనే ఉప్పువాణ్ణి ఎక్కడైనా చూశారా?"

"నోరు తిరగడం లేదు తల్లీ."

"ఏడు యాసలు తిరిగే నోటికి ఆ ఒక్క ముక్క తిరగదా?"

"ఏడు కాదు, అయిదే" అన్నాడు శరభయ్య.

ఆమె నవ్వింది. ఆ నవ్వు చూడలేక అతను బుట్ట కేసి తిరిగాడు. ఈ పిల్ల తనని ఇంతగా నమ్మకుండా ఉంటే బాగుండేదనుకున్నాడు.

సంగతేమిటంటే, కరాళభట్టు అనే మాంత్రికుడు జయకేతు మహారాజును అర్ధరాజ్యం అడిగాడు. రాజు పొమ్మన్నాడు. మాంత్రికుడు ఊరికే పోతాడా? పోతూ పోతూ చిటికెడు బూడిద రాజుగారి పాదాల మీద ఊదిపోయాడు. మర్నాటికి కాలివేళ్లు కొయ్యబారాయి. వారం తిరిగేసరికి మోకాళ్లు. ఇప్పుడు నడుము దాకా చెక్కే. పున్నమి నాటికి గుండె కూడా చెక్కయిపోతుంది. పున్నమికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. కులగురువు అంజనం వేసి చూసి, "రాజవంశం వేరూనిన చెట్టు ఆకు తెచ్చి పసరు పోస్తే దిగిపోతుంది" అన్నాడు. తాతముత్తాతలు నాటిన చెట్లన్నిటినీ దూసేశారు. కోటలోని తోటలన్నీ బోడులయ్యాయి గాని రాజుగారి కాళ్లలో చలనం లేదు. అప్పుడు శరభయ్య రాజకుమారిని పక్కకు పిలిచి, ఏడుమెట్ల సీమలో మూడో మెట్టు మీద అలాంటి చెట్టొకటి ఉండొచ్చని చెప్పాడు. నీకెలా తెలుసని ఆమె అడగలేదు. నమ్మింది, నమ్మి వెంట వచ్చింది.

"ఆకు ఒక్కటే కాదు శరభయ్యా" అంది మధూలిక, బుట్ట తలకెత్తుకుంటూ. "మా అన్న ఎముకలు కూడా దొరికితే తెచ్చుకుంటాను. ఆ మట్టివాళ్లు ఎక్కడ పాతిపెట్టారో అడిగి చెప్పండి."

మూడో మెట్టు మీద ఉండేవాళ్లను మట్టివాళ్లంటారు. పన్నెండేళ్ల కిందట వేటకు పోయిన యువరాజు సుకేతుణ్ణి వాళ్లే చంపి పాతేశారనీ, దానికి బదులుగా రాజుగారి సేన వెళ్లి వాళ్ల ఊరు తగలబెట్టిందనీ రత్నకూటంలో అందరికీ తెలుసు. ఎవరికీ తెలియనిది ఒకటుంది. అది శరభయ్య బుట్టలో, ఉప్పు అడుగున, పాతగుడ్డలో చుట్టిన చిన్న మట్టిముంతలో ఉంది. ఏమిటది అని మొదటిరోజే అడిగింది మధూలిక. కీళ్లనొప్పులకు నాటుమందు అన్నాడతను. ఆ మాట కూడా నమ్మింది పాపం.

మొదటి మెట్టు జుంటివాళ్లది. కొండచరియల్లో వేలాడే తేనెపట్లు కోసి బతుకుతారు. నడుముకు తీగమోకులు, ఒంటికి మైనం, చెవుల్లో తేనెటీగలాంటి రాగి పోగులు. వాళ్లు మొత్తం ఆరుగురు చెట్ల చాటునుంచి వచ్చి ఇద్దరినీ చుట్టుముట్టారు. అందులో పెద్దవాడు బుట్టల కేసి చూసి, మధూలిక కేసి చూసి, గట్టిగా అన్నాడు. "వీళ్లను కట్టేయండి. కట్టేయనిదే ఇక్కణ్ణించి కదలనివ్వొద్దు."

మధూలిక చెయ్యి నడుములోని కటారి మీదకు పోయింది. కట్టేయడమన్న మాట అర్థం కానిదెవరికి? ఇంకో రెప్పపాటు ఆగితే ఆ ముసలాయన రొమ్ములో కటారి దిగేదే. శరభయ్య ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఏమే, ఆగు" అన్నాడు. కంగారులో ఆ మాట దానంతట అదే వచ్చింది. "కట్టేయడమంటే మనం అనుకునే కట్టేయడం కాదు. ముందున్నది బల్లిబాట. పట్టుకోవడానికి గడ్డిపరక కూడా ఉండదు. వాళ్ల నడుము మోకుతో మన నడుములు కట్టి, మన ప్రాణం వాళ్ల ప్రాణంతో కలిపి దాటిస్తామంటున్నారు. పరాయివాళ్లకు చేసే మర్యాద."

ముసలాయన తన నడుము మోకు కొస తెచ్చి మధూలిక నడుముకు కట్టాడు. ముడి రెండుసార్లు లాగి చూశాడు, తన మనవరాలికి కట్టినంత జాగ్రత్తగా. ఆమె మొహం ఎర్రబడింది. కటారి పిడి మీది చెయ్యి నెమ్మదిగా తీసేసింది.

బల్లిబాట అంటే కొండగోడకు ఒక జానెడు అంచు. వీపు రాతికి ఆనించి, పాదాలు పక్కకు జరుపుకుంటూ పోవాలి. కింద చూస్తే లోయ అడుగు కనిపించదు, తెల్లటి ఆవిరి కనిపిస్తుంది. సగం దాటారో లేదో పైనుంచి నీడ పడింది. ఇనుప ముక్కు, మనిషి చేతులంత గోళ్లు, కొలిమిలా మండే కళ్లు ఉన్న రాబందు ఒకటి రెక్కలు ముడుచుకుని సూటిగా దిగుతోంది. కరాళభట్టు పెంపుడు పక్షి అది. అది వచ్చిందంటే మాంత్రికుడికి వీళ్ల జాడ తెలిసిపోయిందన్నమాట.

మొదటి దెబ్బ శరభయ్య బుట్టకు తగిలింది. బుట్ట చీలి ఉప్పంతా లోయలోకి తెల్లగా రాలిపోయింది. గుడ్డమూట బయటపడి అంచు మీదకు దొర్లింది. దొర్లుతున్న మూట కోసం శరభయ్య ముందువెనకలు చూడకుండా ఎగబడ్డాడు. కాలు జారింది. మూట చేతికి చిక్కింది, అతను మాత్రం నడుము మోకుకు వేలాడుతూ గాలిలో ఊగుతున్నాడు. అవతలి కొసన జుంటివాడు రాతిని కరిచిపట్టుకుని పళ్లు బిగించాడు. రాబందు మళ్లీ పైకి లేచి, ఈసారి మోకు మీద గురిపెట్టి దిగింది.

మధూలిక తల పైకెత్తి చూసింది. బారెడు ఎత్తున నల్లటి తేనెపట్టు గోడకు అతుక్కుని ఉంది. కటారి తీసి విసిరింది. పట్టు సగానికి తెగి, తేనె ఓడుకుంటూ వచ్చి సరిగ్గా రాబందు మెడ మీద పడింది. ఇక చూడాలి దాని అవస్థ. ఈగలు కళ్లూ ముక్కూ విడవకుండా కప్పేశాయి. ఒంటికి మైనం పూసుకున్న జుంటివాళ్లను ముట్టుకోలేదు. వాళ్లు శరభయ్యను పైకి లాగి, మైనం లేని ఇద్దరి మీదా తమ గొంగళ్లు కప్పారు. రాబందు గిలగిలా కొట్టుకుంటూ కొండకు ఒకటికి రెండుసార్లు గుద్దుకుని లోయలోకి పోయింది.

అవతలి ఒడ్డున ముడులు విప్పుతుంటే మధూలిక నేల మీద కూలబడింది. శరభయ్యతో అంది.

"మీరు లేకపోతే నేనాయన్ని పొడిచి ఉండేదాన్ని. మాట ఒకటి తప్పుగా విన్నందుకు, మనకు ప్రాణం అడ్డువేసిన మనిషిని పొట్టన పెట్టుకునేదాన్ని. మంచి దుబాసీ దొరకడం ఎంత అదృష్టమో ఇప్పుడు తెలిసింది."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, శరభయ్య చెయ్యి చంకలోని మూటను తడుముకుంది. ఆమె అది చూసింది.

"కీళ్లనొప్పుల మందు కోసం ప్రాణమిచ్చేవాళ్లను ఇప్పుడే చూస్తున్నాను మామా" అంది. జుంటివాళ్లు అప్పటికే వెనుదిరిగారు, చుట్టూ ఎవరూ లేరు. అయినా మామా అంది. బల్లిబాట మీద పుట్టిన ఆ చనువుకు శరభయ్య సంతోషించాల్సింది. సంతోషం మాట దేవుడెరుగు, ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

రెండో మెట్టు ఈలవాళ్లది. వాళ్లు అడవిలో మాట్లాడరు. మాట వింటే చెట్లు బెదురుతాయట, ఏ సంగతైనా ఈలల్లోనే. ఆ భాష శరభయ్యకు రాదు. అంతఃపురంలో చిలకలతో, గోరింకలతో పెరిగిన మధూలిక రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని తోచినట్టు ఈల వేసింది. దానికి ఏమర్థం వచ్చిందో గాని ఈలవాళ్ల ఆడవాళ్లంతా కడుపులు పట్టుకుని నవ్వారు. నవ్వి, ఇద్దరికీ వెదురుబియ్యం వండిపెట్టి, దగ్గరి దారిన తీసుకుపోయారు. రెండు రోజులు ఆ మౌనంలో నడిచాడు శరభయ్య. మాట అన్నదే అక్కరలేని మనుషులు. పుడితే ఇక్కడ పుట్టాల్సిందనుకున్నాడు. మూడో మెట్టు ఊట కనబడింది. ఒకటికి మూడుసార్లు కాళ్లు కడుక్కున్నాడు.

"మీ కాళ్లకు ఇంకా ఏం దుమ్ముంది?" అంది మధూలిక.

మట్టివాళ్ల ఊరు ఎర్రమన్ను చదును మీద ఉంది. ప్రతి ఇంటి ముందూ చెట్లు. ఒక ఇంటికి నాలుగు, ఇంకో ఇంటికి ఆరు, ఎంతమంది మనుషులో అన్ని చెట్లు. వాటి మధ్య నల్లగా కాలిన పాత మొద్దులు నిలబడి ఉన్నాయి. ఎవరూ వాటిని పీకలేదు. ఊరి పెద్ద తుంబిరి అవ్వ చెట్టు చుట్టూ కట్టిన అరుగు మీద కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది. డెబ్బై ఏళ్లుంటాయి. చెవులకు గాని చేతులకు గాని ఏమీ లేదు.

మట్టివాళ్ల యాస మన మాటలాగే వినిపిస్తుంది. అదే దాని తంటా. సగం మాటలు మనవే, అర్థాలు మాత్రం వాళ్లవి. అందుకని అవ్వ ప్రతి మాటా శరభయ్య విని, మధూలికకు తిప్పి చెప్పాలి. మూడు తరాల దుబాసీల వంశంలో పుట్టినవాడు ఏనాడూ అంత కష్టమైన పని చెయ్యలేదు.

"ఉప్పు తెచ్చామన్నారట, ఉప్పేదీ?" అంది అవ్వ.

"లోయలో పోయింది" అన్నాడు.

"అయితే మీరు ఉప్పువాళ్లు కారు. ఎందుకొచ్చారో చెప్పండి."

మధూలిక ఇక దాపరికం వదిలేసింది. తండ్రి జబ్బు, గురువు మాట, ఆకు సంగతి అన్నీ చెప్పింది. తను ఎవరి కూతురో కూడా చెప్పింది. వింటున్న ఊరివాళ్లలో ఒక్కసారి కదలిక వచ్చింది. అవ్వ గింజలు ఒలవడం ఆపలేదు. చాట నిండాక లేచి, వెంట రమ్మని సైగ చేసింది.

ఊరి తూర్పు అంచున ఒక నేరేడు చెట్టు. కాండం ఒక పక్క అంతా బొగ్గులా కాలి ఉంది. రెండో పక్కనుంచి కొమ్మలు లేచి నిగనిగలాడే ఆకులతో కమ్ముకుని ఉన్నాయి.

"ఇది మీ అన్న" అంది అవ్వ.

శరభయ్య తిప్పి చెప్పాడు. మధూలిక చెట్టు మొదలు దగ్గర మోకరిల్లి, మన్ను మీద చెయ్యి పెట్టింది. "ఇక్కడే పాతారా మా అన్నని?"

అవ్వకు ఆ మాట అర్థమైంది. "ఆ, ఇక్కడే పాతుకున్నాం" అంది, ఆప్యాయంగా. "కొండ మీంచి పడితే మోసుకొచ్చాం. నెల రోజులు మందు పోశాం. లేచి తిరిగాడు, మాతో జొన్న కోశాడు, ఇక మీవాణ్ణే అన్నాడు. అప్పుడు పాతుకున్నాం. మనిషి మావాడయితే అతని పేర ఒక మొక్క తెచ్చి మా మన్నులో పెడతాం. పోయినా అదే చోట పెడతాం. మొక్కయినా మనిషైనా మాకు ఒకటే మాట. మన్ను తీసి మన్ను కప్పడమే కదా. మీ అన్న బతికే ఉన్నాడు తల్లీ."

ఈ మాటలన్నీ శరభయ్య తిప్పి చెప్పాడు. ఒక్క ముక్క కూడా మార్చలేదు, ఒక్క ముక్క కూడా మింగలేదు. మధూలిక మొదట నవ్వింది, తరువాత ఏడ్చింది, తరువాత ఆమె ముఖం పాలిపోయింది.

"అయితే మా నాన్న సేనను ఎందుకు పంపాడు?"

"మాకూ అదే తెలియదు" అంది అవ్వ. "మొక్క పాతిన గుంటలోంచి తీసిన మొదటి పిడికెడు మన్ను, ఆ మనిషి కన్నవాళ్లకు పంపాలి. అది మా రివాజు. మీ పెరట్లో కలుపుకోండి, ఇక మనం చుట్టాలం అని. ముంతలో పోసి మా పెనిమిటి కొమిరణ్ణీ, మా మరిదినీ పంపాను. వాళ్లు తిరిగి రాలేదు. వాళ్లకు బదులు నిప్పొచ్చింది. ఆ నిప్పు చూశాకే మీ అన్న ఇక కన్నవాళ్ల ముఖం చూడనన్నాడు." ఆమె పక్కనున్న మద్దిచెట్టు కేసి చూపించింది. "అది కొమిరడిది. మనిషి పోతే చెట్టు కొట్టేసి, ఆ గుంటలోనే మనిషిని పెడతాం. పోయాడని ఎవరూ కబురు చెప్పలేదు. అందుకని కొట్టలేదు. పన్నెండేళ్లుగా నీళ్లు పోస్తున్నాను."

శరభయ్య మద్దిచెట్టు మీంచి చూపు మళ్లించుకున్నాడు. ఆ కొమిరడు ఏమైనాడో అతనికి తెలుసు. ఏ రోజు, ఏ వేళకు, ఏ గుమ్మం ముందో కూడా తెలుసు.

మధూలిక లేచి ఆకు ఒకటి కోసి వేళ్ల మధ్య నలిపింది. పచ్చటి పసరు రావాల్సిన చోట చుక్క నీరు వచ్చింది, వట్టి నీరు. ఇంకోటి కోసింది. దానికీ అంతే.

"రాదు" అంది అవ్వ. "ఈ చెట్టుకు గాయముంది. గాయం చేసినవాడు దీని కింద నిలబడి, చేశానని చెప్పుకుంటే గాని పసరు దిగదు."

"గాయం చేసింది మా నాన్న. ఆయన కదలలేడు, ఆయన తరఫున నేను చెబుతున్నాను" అంది మధూలిక. రెండు చేతులూ జోడించి చెప్పింది. చెప్పి ఆకు నలిపింది. మళ్లీ నీరే.

అవ్వ తల అడ్డంగా ఊపింది. "మీ నాన్న విన్నదాన్ని బట్టి నిప్పు పెట్టాడు. అలా వినిపించిందెవరు?"

శరభయ్య ఈ ముక్క కూడా తిప్పి చెప్పాడు. మధూలిక అతని వైపు తిరిగింది. ఆమె కళ్లలో ఇంకా అతని మీద అనుమానం లేదు. అదే అతన్ని నిలువునా కోసింది.

"మామా, ఆ రోజు సభలో ఈ యాస తెలిసినవాడు ఒక్కడు కూడా లేకపోయాడా? ఒక్కడుంటే చాలు కదా."

అబద్ధమాడడానికి అంతకంటే సులువైన చోటు లేదు. లేడు తల్లీ అంటే అయిపోయేది. ఆ దుబాసీ ఎప్పుడో చచ్చిపోయాడంటే ఆమె నమ్మేది. కాని ఆకులో పసరు రాదు, పున్నమికి ఆరు రోజులే ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఆరు నెలలున్నా అతనిక మోయలేడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనేమో అనుకుని, గుడ్డమూట విప్పి మట్టిముంత బయటికి తీశాడు. అందులో పిడికెడు ఎర్రమన్ను.

"ఉన్నాడు తల్లీ" అన్నాడు. "నేనే."

ఒకే సంగతిని రెండు భాషల్లో చెప్పాడు, ముందు అవ్వకు, తరువాత రాజకుమారికి. "కొలువులో చేరి నెల కాలేదు. ఇద్దరు పెద్దలు ఈ ముంత తెచ్చి రాజుగారి ముందు పెట్టి, మీ పిల్లవాణ్ణి మా మన్నులో పాతుకున్నాం, సంతోషించండి అన్నారు. రాజుగారు ముంతలో మన్ను చూశారు. కత్తి దూసి నా వైపు తిరిగి, వీళ్లన్నది నేను విన్నదేనా అని అడిగారు. ఆ మాటకు రెండర్థాలున్నాయని నాకు తెలుసు. మా నాన్న నేర్పాడు. రెండర్థాలున్నాయి ప్రభూ అనడానికి ఎంతసేపు పడుతుంది? కాని ఆయన కళ్లు చూశాను. కాదంటే కొండవాళ్ల మనిషినంటారని భయమేసింది. తల ఊపాను. అంతే, నోరు కూడా విప్పలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నాది జారిన నోరు కాదు, మూసుకున్న నోరు." అవ్వ వైపు తిరిగి చేతులు జోడించాడు. "అవ్వా, కొమిరయ్య ఆ సాయంత్రమే పోయాడు. నీ మరిది కూడా. నేను చూస్తూ నిలబడ్డాను, తరువాత ఈ ముంత తీసి దాచుకున్నాను. నీకు కబురు చెప్పాల్సినవాణ్ణి నేను. పన్నెండేళ్లు ఆలస్యమైంది."

అవ్వ నడిచి వెళ్లి మద్దిచెట్టు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. మధూలిక చేతిలో నలుగుతున్న ఆకునుంచి వేళ్ల మీదకు చిక్కటి పచ్చటి పసరు కారింది. ఆమె దాన్ని చూసింది, శరభయ్యను చూసింది, రెండడుగులు వెనక్కి వేసింది.

"శరభయ్యగారూ" అంది. గొంతు ఎంత మర్యాదగా ఉందో అంత చల్లగా ఉంది. "మా అమ్మ మా అన్న కోసం ఏడ్చి ఏడ్చి పోయింది. ఆ రోజులన్నీ మీరు మా ఇంట్లోనే ఉన్నారు. నాకు అక్షరాలు దిద్దించారు."

"అవును తల్లీ."

"తల్లీ అనకండి."

అతను తల వంచుకున్నాడు. ఆ మాట తనకు న్యాయంగానే పడిందనిపించింది. పన్నెండేళ్లుగా దాని కోసమే కాచుకుని ఉన్నట్టు కూడా అనిపించింది.

తుంబిరి అవ్వ మద్దిచెట్టు వదిలి వచ్చింది. కళ్లు తడిగా లేవు. ఎదురుగా నిలబడి శరభయ్యను నఖశిఖపర్యంతం చూసి, ఊరివాళ్ల వైపు తిరిగి నెమ్మదిగా అంది. "ఈ మనిషిని పాతుకుంటాం. గునపాలు తెండి." తరువాత మధూలికతో, "ఆకులు ఎన్ని కావాలో కోసుకో. మీ అన్న ఎక్కడున్నాడో ఈ పని అయ్యాక చెబుతాను" అంది. శరభయ్య ఈ చివరి మాట మాత్రం తిప్పి చెప్పాడు.

నలుగురు గునపాలతో వచ్చారు. నేరేడుకూ మద్దికీ నడుమ ఉన్న ఖాళీలో తవ్వడం మొదలుపెట్టారు. ఎర్రమన్ను పక్కన పోగుపడుతోంది.

శరభయ్య అవ్వ గొంతును మనసులో మళ్లీ మళ్లీ తిప్పి చూసుకున్నాడు. కోపం ఉందా? జాలి ఉందా? అయిదు యాసలు ఎరిగిన చెవికి ఆ ఒక్క మాటలో ఏదీ చిక్కలేదు. తవ్వేవాళ్ల ముఖాల్లో కూడా ఏమీ లేదు, పని చేసుకునేవాళ్ల ముఖాల్లో ఏముంటుంది? మొక్క నాటడానికి మోకాటిలోతు చాలు. గుంట మోకాటిలోతు దాటింది.

మధూలిక ఆకులు కోసి ఒడిలో పోసుకుంటోంది. ఆమె చేతులు ఆగిపోయాయి. కటారి తేనెపట్టుతో పాటు లోయలో పోయిందని అప్పుడు గుర్తొచ్చిందేమో, వట్టి నడుమును తడుముకుంది.

"ఆవిడ ఏమంది?" అని అడిగింది. "పాతడమన్న మాట వినిపించింది నాకు. ఏమందో సరిగ్గా చెప్పండి."

చంపబోతున్నారంటే ఈ పిల్ల వట్టి చేతులతో అయినా కలబడుతుంది. చేతిలోని ఆకులు పోతాయి, తండ్రీ పోతాడు, అన్న జాడా పోతుంది. నన్ను తమవాణ్ణి చేసుకుంటారట అంటే నిమ్మళంగా నిలబడుతుంది. ఒకవేళ అది అబద్ధమైతే ఇంకోసారి ఆమెను మోసం చేసినట్టవుతుంది. ఏది చెప్పినా సగమే నిజం. పన్నెండేళ్ల కిందట గొంతులో అడ్డుపడిన మాట ఇప్పుడు ఏ అడ్డూ లేకుండా వచ్చింది.

"ఆ మాటకు రెండర్థాలున్నాయి" అన్నాడు. "ఏదో నాకు తెలియదు."

అవ్వ అతని చేతిలోంచి ముంత తీసుకుని, అందులోని మన్ను గుంటలోకి వంచింది. గుంట వైపు చెయ్యి చూపించి, రమ్మన్నట్టు తల ఊపింది. శరభయ్య చెప్పులు విడిచాడు. ఒకామె చెంబుతో ఊటనీళ్లు తెచ్చి అతని కాళ్ల మీద పోసింది. కాళ్లు శుభ్రంగా కడుక్కుని, అంచు మీద కూర్చుని, పాదాలు లోపలికి దించాడు. మన్ను చల్లగా ఉంది.

"మామా" అంది మధూలిక వెనకనుంచి.

అతను తిరిగి చూడలేదు. తిరిగితే దిగలేడు. గుంటలోకి దిగి నిలబడితే అంచు అతని నడుముకు వచ్చింది, తవ్వేవాళ్లు గునపాలు ఇంకా కింద పెట్టలేదు.